ఘోస్ట్ రైటర్‌తో పుస్తకం రాయించుకోవడం: నెల్లూరు సీమ నేపథ్యం

ఒక మనిషి బతుకునో, అతనికి తెలిసిన విద్యనో మరొకరు పుస్తకంగా రాసిపెట్టి, అట్ట మీద మాత్రం మొదటి మనిషి పేరే వేయడాన్ని ఘోస్ట్ రైటింగ్ అంటారు. రాసినవారికి డబ్బు ముడుతుంది, పేరు రాదు. తెలుగు సినిమారంగంలో, పత్రికల్లో ఇలా రాసేవారిని ‘ఘోస్ట్’ అనే అంటారు. చెప్పేవారికీ రాసేవారికీ మధ్య ఉండగల సంబంధాలు చాలా రకాలు. వాటిలో ముఖ్యమైనవాటికి నెల్లూరు సీమలోనే ఉదాహరణలు దొరుకుతాయి. తిక్కన దగ్గర గంటం పట్టిన లేఖకుడు మొదలు 1990ల నాటి అక్షరాస్యత వాచకం వరకూ అవి విస్తరించి ఉన్నాయి. ఈ వ్యాసం వాటి వెలుగులో ఆ పనిని వివరిస్తుంది.

హద్దులు

చెప్పింది చెప్పినట్టు రాసేవారు లేఖకులు. ఉన్న రాతను దిద్దేవారు సంపాదకులు. గంటలకొద్దీ సాగిన మాటల్లోంచి ఏది ముందు, ఏది వెనక, ఏది అక్కర్లేదు అన్నది తేల్చి, వాక్యాలు తామే కూర్చేవారు ఘోస్ట్ రైటర్లు. అట్ట మీదో లోపలి పేజీలోనో ‘కథనం ఫలానా, అక్షరీకరణ ఫలానా’ అని ఇద్దరి పేర్లూ వేస్తే అది సహరచన అవుతుంది. పని మొదలయ్యాక ఈ గీతలు చెరిగిపోతుంటాయి. దిద్దిపెట్టమని ఇచ్చిన నలభై పేజీల నోటుపుస్తకం చివరికి మూడు వందల పేజీల పుస్తకమై, అందులో మొదటి మనిషి రాసిన వాక్యం ఒక్కటీ మిగలకపోవచ్చు. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇలాంటి చోటే.

నెల్లూరులో పాత రూపాలు

13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో తిక్కన మంత్రి, కవి. నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయన ఆ రాజుకే అంకితమిచ్చాడు. భారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసి హరిహరనాథుడికి అర్పించాడు. కేతన తన దశకుమార చరిత్రను తిక్కనకే అంకితమిచ్చాడు. ఈ పద్ధతిలో అంకితం పుచ్చుకునే కృతిభర్త సత్కారం చేస్తాడు, కావ్యం మొదట్లో తన వంశవర్ణన చేయించుకుంటాడు, కీర్తిలో వాటా తీసుకుంటాడు. కవి పేరు మాత్రం కవిదే. సొమ్మిచ్చి పుస్తకం రాయించుకోవడం ఈ గడ్డ మీద ఏడు వందల ఏళ్ల నాటి ఆచారం. రాసిన చేతి పేరు చెరిపేయడం తర్వాత వచ్చిన అలవాటు.

తిక్కన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు తాటాకు మీద రాశాడని జనశ్రుతి. ఒకచోట పద్యం ముందుకు సాగక తిక్కన గురునాథుణ్ణి పిలిచి అన్న మాట కూడా పద్యంలో ఇమిడిపోయిందని కథ చెబుతారు. దీన్ని చరిత్రగా తీసుకోలేం. అయినా ఒక మహాకవి పేరు తలిచినప్పుడు పక్కన కూర్చుని రాసినవాడి పేరు కూడా తలుచుకోవడం జనం మానలేదన్నది గమనించదగ్గ విషయం.

పేరు మారిందన్న అనుమానాలూ పాతవే. సంస్కృత అలంకారగ్రంథం రసార్ణవ సుధాకరం సర్వజ్ఞ సింగభూపాలుడి పేరున ఉంది. అది ఆయన ఆస్థానంలోని విశ్వేశ్వర కవి రచన అయి ఉండవచ్చని కొందరు పండితులు వాదించారు. సింగభూపాలుడు రేచర్ల పద్మనాయక వంశీకుడు. పాత నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి సంస్థానాధీశులు తమ మూలాలు ఆ వంశంలోనే ఉన్నాయని చెప్పుకుంటారు. ఆముక్తమాల్యదను రాసింది కృష్ణదేవరాయలు కాదు, పెద్దన అన్న వాదం కూడా చాలాకాలం నడిచింది. ఆ కావ్యం శైలి పెద్దన శైలికి ఎంత దూరమో చదివినవారికి తెలుస్తుంది కాబట్టి ఆ వాదం నిలబడలేదు. రాజు పేరుతో మంచి పుస్తకం వస్తే కొలువులో ఎవరో రాసిపెట్టారనుకోవడం లోకరీతి.

ఇంకో ఆచారాన్నీ ఇక్కడ చెప్పుకోవాలి. పాత దస్తావేజుల చివర సాక్షుల సంతకాలతో పాటు ‘దస్తూరి’ అంటూ ఆ కాగితం రాసినవారి పేరు కూడా ఉంటుంది. పొలం అతనిది కాదు, లావాదేవీతో అతనికి సంబంధం లేదు. అయినా ఎవరి చేత్తో రాసిందో తెలియాలి కనుక పేరు పెడతారు. తాటాకు ప్రతుల చివర లేఖకులు తమ పేరు, ఊరు, రాసి ముగించిన తిథి చెప్పుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఈ వ్యాసంలో పదేపదే వచ్చే ప్రశ్నకు, అంటే రాసినవారి పేరు ఎక్కడైనా ఉండాలా అక్కర్లేదా అన్నదానికి, ఆ దస్తూరి సంతకం ఒక మంచి జవాబు.

దూబగుంట: చెప్పినవారు వేరు, రాసినవారు వేరు

నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడుల్లో చదువుకున్న ఆడవాళ్లు పాఠం పూర్తయ్యాక తమ ఇంటి బాధలు చెప్పుకునేవారు. ఎక్కువమంది చెప్పింది ఒకటే, మగవాళ్ల కూలి డబ్బు సారాయికి పోతోందని. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటై ఊళ్లో సారాయి దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది ఆ పోరాటం వల్లే.

అక్షరాస్యతా కేంద్రాలకు పాఠాలు తయారుచేసేవారు ఆ సంగతిని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా రాసి తర్వాతి వాచకంలో చేర్చారు. ఊరి ఆడవాళ్లు చేసినదాన్ని, చెప్పినదాన్ని, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవారు చదవగలిగే చిన్న చిన్న వాక్యాల్లోకి తేవడం మామూలు పని కాదు. ఆ పాఠం చదివిన ఊళ్లలో ఆడవాళ్లు తమ ఊరి దుకాణం సంగతి అడగడం మొదలుపెట్టారు. 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకి, సారాయి వేలంపాటలు జరగనీయకుండా చేసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయిని నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే దాన్ని సడలించారన్నది వేరే కథ.

ఆ పాఠం అనగానే జనానికి గుర్తొచ్చేది దూబగుంట. రాసినవారు గుర్తుకు రారు, అలా ఉండడం న్యాయం కూడా. అందులోని సొత్తు ఊరిది, ధైర్యం ఆ ఆడవాళ్లది. రాసినవారు తమను తాము వెనక్కి తీసుకోవడం వల్లే చదివిన ప్రతి ఆడమనిషీ అది తన కథే అనుకోగలిగింది. పేరు దాచడం కొన్నిచోట్ల ధర్మమే అవుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగునాట లేదు. దీనికి భిన్నమైన మరో మంచి దారి తెలంగాణలో కనిపిస్తుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు చెప్పిన మాటలను వారి వారి పేర్లతో, వారి పలుకుబడిలో అచ్చువేశారు. అక్కడ సేకరించినవారు ఎవరో, చెప్పినవారు ఎవరో పాఠకుడికి మొదటి పేజీ నుంచే తెలుసు.

స్వీయచరిత్రలు, వాటి వెనక చేతులు

నెల్లూరు సీమ స్వీయచరిత్రలకు పేరున్న చోటు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ‘విప్లవపథంలో నా పయనం’ అందరూ ఎరిగినదే. గాంధీజీ 1921లో ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమానికి అండగా నిలిచి, నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయాన్ని నడిపిన పొణకా కనకమ్మ రాసుకున్న స్వీయచరిత్ర ఆమె 1963లో పోయిన ఎన్నో దశాబ్దాలకు ‘కనకపుష్యరాగం’ పేరుతో డాక్టర్ కాళిదాసు పురుషోత్తం సంపాదకత్వంలో అచ్చయింది. ఇది ఘోస్ట్ పని కాదు. రాత ఆమెది. రాతప్రతిని వెలికితీసి పాఠకులకు అందించిన శ్రమ సంపాదకుడిది. ఇద్దరి పాలూ పుస్తకం మీద స్పష్టంగా ఉన్నాయి.

టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టిన నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. ఆయన ‘నా జీవితయాత్ర’ మూడు భాగాలు రాశారు. నాలుగో భాగం ఆయన సహచరుడు తెన్నేటి విశ్వనాథం రాశారు. మొదటి మూడింటిలో ఉన్న ‘నేను’ నాలుగో భాగంలో లేదు. తెన్నేటి ఆ గొంతును అనుకరించే ప్రయత్నం చేయలేదు, తన పేరు దాచుకోలేదు. ప్రకాశం లాంటి మనిషి గొంతుతో మరొకరు మాట్లాడి ఉంటే పుస్తకం మొత్తం మీదే అనుమానం వచ్చేది.

మన దేశంలో కోట్లాదిమంది ఎరిగిన సహరచన అబ్దుల్ కలాం ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’. 1999లో హైదరాబాదుకు చెందిన యూనివర్సిటీస్ ప్రెస్ దాన్ని ప్రచురించింది. ‘అరుణ్ తివారీతో కలిసి’ అని అట్ట మీదే ఉంటుంది. తెలుగులో వాడ్రేవు చినవీరభద్రుడు ‘ఒక విజేత ఆత్మకథ’గా అనువదించారు. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ఎగిరి సముద్రంలో పడిపోయిన ఎస్సెల్వీ-3, 1980 జులై 18న విజయవంతమైన ఎస్సెల్వీ-3 ఆ పుస్తకానికి నడుమైన ఘట్టాలు. తివారీ పేరు కనిపించినందువల్ల కలాం గొంతు మీద ఎవరికీ నమ్మకం తగ్గలేదు. రాసినవారి పేరు వేస్తే పుస్తకం విలువ పడిపోతుందని భయపడేవారికి ఈ ఒక్క పుస్తకం చాలు.

సినిమారంగంలో సంగతి వేరు. సముద్రాల రాఘవాచార్య పేరున వచ్చిన పాటల్లో కొన్నిటి వెనక మల్లాది రామకృష్ణశాస్త్రి ఉన్నారని, 1953 నాటి ‘దేవదాసు’ పాటల్లోనూ ఆయన చేయి ఉందని మద్రాసు రోజుల నుంచీ చెప్పుకుంటారు. ఏ పాట ఎవరిదో తేల్చే కాగితం లేదు. ఇద్దరూ పెద్ద రచయితలే, ఇద్దరి మధ్యా స్నేహం ఉండేది. కాగితం లేనందువల్ల అభిమానులు డెబ్భై ఏళ్లుగా ఊహలమీదే వాదించుకుంటున్నారు.

బయటి ప్రపంచంలో 1957లో పులిట్జర్ బహుమతి పొందిన జాన్ కెన్నెడీ పుస్తకం ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ అధ్యాయాల్లో చాలావాటికి తొలిప్రతి రాసింది తానేనని ఆయన సహాయకుడు టెడ్ సోరెన్సన్ 2008లో తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. అప్పటికి కెన్నెడీ పోయి నలభై ఏళ్లు దాటింది.

ఎవరు రాయించుకుంటారు

నెల్లూరు తీరంలో ఇప్పుడు రాయించుకోదగ్గ బతుకులు చాలా ఉన్నాయి. రొయ్యల సాగుతో పైకొచ్చి, దానితోనే కిందపడి, మళ్లీ నిలదొక్కుకున్న రైతులు, సైదాపురం మైకా గనుల్లో పనిచేసిన పాతతరం, శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో ఉద్యోగం చేసి రిటైరైన ఇంజినీర్లు, బకింగ్‌హామ్ కాలువలో పడవలు నడవడం చూసిన ముసలివాళ్లు, అమెరికాలో స్థిరపడి నాన్న కథ పుస్తకంగా ఉండాలనుకునే పిల్లలు. రాజకీయ నాయకులు, ఆసుపత్రులు పెట్టిన డాక్టర్లు, విద్యాసంస్థల అధిపతులు ఎటూ ఉంటారు. చెప్పడం వచ్చినవారందరికీ రాయడం రావాలని లేదు. రాయడం రాదు కాబట్టి అనుభవం మట్టిలో కలిసిపోవాలన్న నియమమూ లేదు. అందుకే ఈ వృత్తి తప్పుపట్టవలసింది కాదు, కావలసింది.

రాసేవారు ఎక్కువగా రిటైరైన విలేకరులు, తెలుగు పండితులు, అధ్యాపకులు, కథకులు. వీరిని ఎంచుకునేటప్పుడు వారి పాత పుస్తకాలు చూడడం కన్నా ఒక గంట మాటల రికార్డింగు ఇచ్చి, దానిమీద నాలుగు పేజీలు రాయించి చూడడం మేలు. ఆ నాలుగు పేజీలకూ డబ్బివ్వాలి. చదివినప్పుడు ఇంట్లోవాళ్లు ‘ఇది మా నాయన మాటే’ అనగలగాలి.

పని సాగే తీరు

మొదటి మెట్టు మాటలు రికార్డు చేయడం. ఒక్కో కూర్చోవడం గంట, గంటన్నర మించకపోతే మంచిది. పెద్దవయసువారు అలిసిపోయాక చెప్పినదాంట్లో చెప్పిందే మళ్లీ వస్తుంది. ‘మీ బాల్యం గురించి చెప్పండి’ లాంటి ప్రశ్నకు బడి వ్యాసం లాంటి జవాబే వస్తుంది. ‘మీ ఇంటికి కరెంటు ఏ ఏడు వచ్చింది, ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు’ అని అడిగితే మనుషులు కదులుతారు. పాత ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు నోటీసు, పెళ్లి శుభలేఖ ముందు పెట్టుకుని కూర్చుంటే జ్ఞాపకం వరస మీద పడుతుంది.

రెండోది ఆ మాటలను కాగితం మీద పెట్టడం. ఫోనులో తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే సాధనాలు ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయి. కానీ నెల్లూరు యాస తగలగానే అవి తడబడతాయి. ‘రాలా’ అన్నచోట ‘రాళ్లు’ అని పడవచ్చు. మనిషి విని దిద్దక తప్పదు. ఆ దిద్దేవారికి ఇక్కడి మాటలు తెలియాలి. ఇక్కడ పొలం మడిని కయ్య అంటారు. ఇంటిస్థలం అంకణాల్లో కొలుస్తారు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి అంకణం అందులో సగం. ధాన్యం పుట్టి లెక్కన అమ్ముతారు, ఇక్కడి పుట్టి 850 కిలోలు. వీటిని ఎకరాలు, క్వింటాళ్లుగా మార్చి రాస్తే పుస్తకం ఏ జిల్లాదో తెలియదు. మార్చకుండా, మొదటిసారి వచ్చినచోట లెక్క చెబితే చాలు.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది, గొంతు. ఒక రొయ్యల రైతు ఇలా చెప్పాడనుకుందాం: ‘ఆ ఏడు తెల్లమచ్చ తగిలింది. తెల్లారి పోయి చూస్తే గుంటంతా రొయ్య తేలిపోయుండాది. మా ఆడమనిషి గాజులు బ్యాంకులోనే ఉండిపాయ.’ దీన్ని ‘వైరస్ వ్యాధి విజృంభించడంతో తీవ్ర ఆర్థిక నష్టాలను చవిచూడవలసి వచ్చింది’ అని రాసే ఘోస్ట్ డబ్బు తీసుకుని ఆ మనిషి సొత్తు పారబోసినట్టే. మొత్తం పుస్తకం యాసలో ఉంటే చదవడం కష్టమన్న మాట నిజమే. కథనం వాడుకభాషలో నడిపి, మనిషి నోటి నుంచి వచ్చిన గట్టి వాక్యాలను ఉన్నవున్నట్టు ఉంచడం చాలామందికి కుదిరిన పద్ధతి. ఏ వాక్యం ఉంచాలో తెలియడంలోనే రాసేవారి విద్య ఉంది.

నాలుగోది నిజం సరిచూడడం. జ్ఞాపకం సంవత్సరాలను కలిపేస్తుంది. ‘పెద్ద తుపాను’ అని చెప్పినప్పుడు అది 1984 నవంబరులో శ్రీహరికోట వైపు కొట్టిందా, థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిందా అని అడగాలి. రొయ్యల సాగు పడిపోయిందంటే తొంభైల నడుమ వచ్చిన వ్యాధి వల్లా, లేక తీరప్రాంతంలో రొయ్యల చెరువులపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లా అని తేల్చుకోవాలి. రెండిటికీ మనిషి పడ్డ బాధ ఒకటే కావచ్చు, కారణం ఒకటి కాదు. ఇక్కడ ఘోస్ట్ మొహమాటపడకూడదు. ‘అయ్యా, ఆ ఏడు అది జరగలేదు’ అని చెప్పగలిగినవారే పుస్తకానికి మేలు చేస్తారు.

ఆ తర్వాత అధ్యాయాల ప్రతి చెప్పినవారికి చదివి వినిపించడం, మార్పులు చేయడం, ప్రూఫులు. వినిపించడం అన్నమాట ఇక్కడ ముఖ్యం. చేతికి కాగితాలిస్తే చాలామంది మొహమాటానికి బాగుందంటారు. పైకి చదువుతుంటే తమది కాని మాట దగ్గర వాళ్లే ఆపుతారు.

చట్టం

మనదేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. దాని ప్రకారం రచన మీద మొదటి హక్కు రాసినవారిది. జీతం మీద ఉద్యోగిగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానికి పోతుంది. ఘోస్ట్ రైటరు సాధారణంగా ఉద్యోగి కాదు, విడిగా పని ఒప్పుకున్నవారు. కాబట్టి డబ్బు మొత్తం చెల్లించినా, రాతపూర్వకంగా హక్కు బదిలీ చేయించుకోకపోతే పుస్తకం చట్టం దృష్టిలో రాయించుకున్నవారిది కాకపోవచ్చు. ‘డబ్బిచ్చాను కదా, పుస్తకం నాదే’ అనుకోవడం ఈ వ్యవహారంలో అందరూ చేసే పొరపాటు.

బదిలీ కాగితం మీద హక్కు ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకు అన్నది అందులో చెప్పాలి. కాలం చెప్పకపోతే 5 సంవత్సరాలకే అనుకుంటారు. ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితం. డాలస్‌లో ఉన్న కొడుకు అక్కడ అచ్చువేయించుకోవాలనుకుంటే ఈ ఒక్క లోటే అడ్డమవుతుంది. తీసుకున్న హక్కును, వేరేగా చెప్పుకోకపోతే, ఏడాదిలోగా వాడకుంటే బదిలీ రద్దవుతుంది. ఇవిగాక 57వ సెక్షన్ ఉంది. రచన తనదని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేసి తన పరువు తీస్తే అడ్డుకునే హక్కు కాపీరైటు అమ్మేసిన తర్వాత కూడా రచయిత దగ్గరే ఉంటాయని ఆ సెక్షన్ చెబుతుంది. పేరు వేయనక్కర్లేదన్న ఒప్పుదల కాగితం మీద విడిగా, స్పష్టంగా ఉండాలని లాయర్లు పట్టుబట్టేది అందుకే.

చెప్పినవారిదా రాసినవారిదా అన్న ప్రశ్న మన కోర్టు ముందుకు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’ విషయంలో వచ్చింది. ఆజాద్ ఉర్దూలో చెప్పేవారు. హుమాయూన్ కబీర్ రెండేళ్లకు పైగా సాయంత్రాలు కూర్చుని విని, రాసుకుని, ఇంగ్లీషులో అధ్యాయాలుగా కూర్చారు. ఆజాద్ వాటిని చదివి మార్పులు చేసేవారు. ఆజాద్ 1958 ఫిబ్రవరి 22న పోయారు. పుస్తకం 1959లో వచ్చింది. ముప్పై పేజీలు మాత్రం సీలువేసి కలకత్తా నేషనల్ లైబ్రరీలో, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రపరిచారు. ముప్పై ఏళ్ల తర్వాత వాటిని తెరిచి ప్రచురించబోతే ఆజాద్ వారసుల తరఫున నజ్మా హెప్తుల్లా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. విషయం ఆజాద్‌ది, వాక్యం కబీర్‌ది, రెండూ విడదీయరానివి కాబట్టి ఇద్దరూ సహరచయితలే అని కోర్టు భావించింది. పూర్తి పాఠం 1988 చివర్లో బయటికి వచ్చింది.

ఇందులో ఆచరణకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. సహరచన అయితే చివరగా పోయినవారి నుంచి లెక్క. కబీర్ 1969లో పోయారు. ఆ లెక్కన 1959లో వచ్చిన పాఠం హక్కులు 2029 దాకా నడుస్తాయి. ఒక నెల్లూరు రైతు కథకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఒప్పందం

ఊళ్లో పెద్దమనుషుల మధ్య కాగితాలెందుకన్న మొహమాటంతోనే ఎక్కువ పనులు నోటిమాట మీద మొదలవుతాయి. ఒకటి రెండు పేజీల తెలుగు ఒప్పందం చాలు. ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎన్ని పేజీల పుస్తకం, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి పూర్తి అన్నవి అందరూ రాసుకుంటారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. రికార్డింగులు పని అయ్యాక ఎవరి దగ్గర ఉండాలి? ఇంటిగుట్టు బయటపడే మాటలు అందులో ఉంటాయి కనుక ఇది చిన్న విషయం కాదు. పని సగంలో ఆగితే అప్పటిదాకా రాసినదానికి ఎంత? చెప్పేవారు మధ్యలో కాలం చేస్తే ముగింపు ఎవరి గొంతులో ఉండాలి, కుటుంబంలో ఎవరి మాట చెల్లుతుంది? అన్నదమ్ముల ఆస్తి తగాదా ఒక అధ్యాయంలో ఉండి, తండ్రి పోయాక పెద్దకొడుకు దాన్ని తీసేయమంటే ఏం చేయాలి? బతికున్న మనిషి మీద నింద అచ్చయితే పరువునష్టం కేసు చెప్పినవారి మీదే కాదు, రాసినవారి మీదా ప్రచురించినవారి మీదా పడవచ్చు. అలాంటి వాక్యాలకు ఆధారం ఎవరు చూపాలో ముందే తేల్చుకోవాలి.

డబ్బు మొత్తంగానో పేజీల లెక్కనో మాట్లాడుకుంటారు. మొదలుపెట్టేటప్పుడు కొంత, సగం ప్రతి చేతికిచ్చినప్పుడు కొంత, ముగిసినప్పుడు మిగతాది ఇవ్వడం వాడుక. అమ్మకాల్లో వాటా ఇస్తామన్న మాటకు రాసేవారు ఒప్పుకోకపోవడమే మంచిది. ఇలాంటి పుస్తకాల్లో చాలా భాగం పంచిపెట్టడానికి వేసుకునేవే.

రాయించుకోకూడనివి

పరిశోధన సిద్ధాంతవ్యాసం డబ్బిచ్చి రాయించుకోవడం మోసం. చదువు తనదని చెప్పుకుని పట్టా పుచ్చుకునే రచనలో మరొకరి చేతికి చోటులేదు. యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నియంత్రణ నిబంధనలు పట్టాను కొంతకాలం నిలిపివేసే దాకా వెళ్లగలవు. కవిత్వం, కథలు రాయించుకుని అవార్డులకు పంపడం కూడా ఇలాంటిదే. జీవితకథలో పాఠకుడు నమ్మేది అనుభవాన్ని. అది నిజంగా ఆ మనిషిదే అయినప్పుడు వాక్యాలు ఎవరివన్నది రెండో ప్రశ్న. కవిత్వంలో వాక్యమే అనుభవం. యంత్రంతో రాయించి ఘోస్ట్ రాశాడని బిల్లు పంపడం ఈమధ్య మొదలైన మరో దగా. చెప్పినవారి రికార్డింగులో లేని సంఘటన ప్రతిలో కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే హక్కు రాయించుకున్నవారికి ఉంది.

అచ్చు, పేరు

ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా అచ్చువేసుకునేవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించినవారు తమ ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా గ్రంథాలయంతో సహా మరికొన్ని పెద్ద గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. నెల్లూరు పురమందిరంలో ఆవిష్కరణ జరిపి బంధుమిత్రులకు పంచి ఊరుకునేవారిలో చాలామందికి ఈ బాధ్యత తమదేనని తెలియదు.

రాసినవారి పేరుకు మూడు చోట్లు ఉన్నాయి: అట్ట, లోపలి టైటిల్ పేజీ, కృతజ్ఞతలు. అట్ట మీద వద్దనుకుంటే లోపలి పేజీలో ‘అక్షరీకరణ’ అన్న ఒక్క వరుస సరిపోతుంది. కృతజ్ఞతల్లో ‘ఈ పుస్తకం రావడానికి సహకరించిన’ జాబితాలో కలిపేస్తే రాసిన సంగతి ఎవరికీ తెలియదు. గ్రంథాలయాల కేటలాగులో రచయితగా ఎక్కేది ముఖ్యంగా టైటిల్ పేజీలో ఉన్న పేరే. యాభై ఏళ్ల తర్వాత కన్నెమరాలో ఆ ప్రతి తీసి నెల్లూరు తీరం మీద పనిచేసే పరిశోధకుడికి, ఆ మాటలు ఎవరి నోటివో, ఆ వాక్యాలు ఎవరి చేతివో చెప్పగలిగింది ఆ పేజీ ఒక్కటే.